సభను తిట్టడానికి మా అమ్మమ్మ మేళం ఎందుకు?

సంపాదకులు గారికి నమస్కారం.

మా ఇంట్లో పొద్దున్నే పేపరు రాగానే మనవరాలు శీర్షికలన్నీ పైకి చదవాలి. తొమ్మిదో తరగతి, ఇంగ్లీషు మీడియం. తెలుగు నోట్లో తిరగాలని నేను పెట్టిన నియమం అది. నేను వంటింట్లో కాఫీ కలుపుతూ వింటాను. ఒత్తు తప్పితే అక్కడినుంచే దిద్దుతాను. పోయిన నెలలో ఒకరోజు మీ జిల్లా పేజీ తీసింది. ఎక్కడో మున్సిపల్ కౌన్సిల్ సమావేశంలో సభ్యులు మైకులు లాక్కున్నారు, కుర్చీలు తిరగేశారు. దానికి మీరు పెద్ద అక్షరాల్లో పెట్టిన శీర్షిక: 'కౌన్సిలా... భోగం మేళమా?' పిల్ల చదివి ఆగింది. "అమ్మమ్మా, భోగం మేళం అంటే ఏంటి?" అంది.

ముప్ఫై రెండేళ్లు తెలుగు పాఠం చెప్పినదాన్ని. పిల్లలు అడిగిన మాటకు అర్థం చెప్పకుండా ఏనాడూ బెల్లు కొట్టనివ్వలేదు. ఆ రోజు మాత్రం "ఉండవే, పాలు పొంగుతున్నాయి" అన్నాను. పాలు పొంగడం లేదు. పొయ్యి కట్టేసే ఉంది.

భోగం మేళం అంటే మా అమ్మమ్మ. కోనసీమలో ఒక ఊరి గుడికి ఆవిడ మేళం నాయకురాలు. ఆవిడా, ఇద్దరు చెల్లెళ్లూ ఆడేవారు. ఒక మామయ్య మద్దెల, ఇంకొకాయన ఫిడేలు, శ్రుతికి తిత్తి పట్టడానికి ఒక కుర్రాడు. స్వామివారి కల్యాణానికి, రథోత్సవానికి మేళం వెళ్లాలి. చుట్టుపక్కల ఊళ్లలో పెళ్లిళ్లకు పిలుపులొచ్చేవి. వైధవ్యం లేని నిత్యసుమంగళి చెయ్యి అని పెళ్లికూతురి మంగళసూత్రానికి నల్లపూసలు ఆవిడ చేతనే గుచ్చించేవారట. పగలు ఆ పూసలు గుచ్చించుకున్న ఇళ్లలోనే, సాయంత్రం అత్తాకోడళ్లు తిట్టుకుంటే ఆవిడ కులం పేరు తిట్టుగా వచ్చేది. అది ఆవిడ చెప్పిన మాట. ఏడుస్తూ చెప్పలేదు. తమలపాకుకు సున్నం రాసుకుంటూ చెప్పింది.

నాకు ఊహ తెలిసేసరికే ఆట ఆగిపోయి చాలా ఏళ్లయింది. గజ్జెలు మాత్రం రేకు పెట్టెలో పాత పట్టుచీర ముక్కలో చుట్టి ఉండేవి. నూలుతాడుకు గుచ్చి ముళ్లేసిన ఇత్తడి గజ్జెలు, కాలికి యాభై చొప్పున. తాడు చెమటకు నల్లబడి తోలులా గట్టిపడింది. వాటిలో ఒకదానికి లోపలి గుండు ఊడిపోయింది. దసరాకు చింతపండు పెట్టి తోమేటప్పుడు నేను ఒక్కొక్కటీ చెవి దగ్గర ఊపి ఆ మూగగజ్జె ఏదో వెతికేదాన్ని. ఆవిడ చూడకుండానే, "కుడికాలుది, లోపలివైపు, పైనుంచి మూడో వరస" అనేది. ఎలా తెలుసమ్మమ్మా అంటే, "అది పలకనిచోట నా మడమే పలకాల్సొచ్చేది" అంది.

ఒకసారి మధ్యాహ్నం అరుగుమీద కూర్చుని నాకు 'రా' అన్న ఒక్క మాటకు అభినయం పట్టి చూపించింది. లేవలేదు, పాట లేదు. పాకే బిడ్డను రమ్మనడం, అలిగిన మొగుణ్ణి రమ్మనడం, అప్పులవాణ్ణి "లోపలికి రండి" అని గుండెలో దడతో పిలవడం, గుళ్లో స్వామిని పిలవడం, ఇంక రాడని తెలిసినవాణ్ణి పిలవడం. చెయ్యి దాదాపు అలాగే ఉంది. మారిందంతా కనురెప్ప, మెడ వంపు, ఊపిరి. చివరి దానికి నేను ఏడ్చాను, నాకు పదేళ్లు. ఇది సార్, భోగం మేళం. మైకులు లాక్కుని కుర్చీలు తిరగేసిన పెద్దమనుషులకు మీరు ఇచ్చిన పేరు ఇది.

ఆ మాట మాది కాదు, ఒక నాయకుడు అన్నదే వేశామని మీరు అనవచ్చు. నిజమే, లోపల వార్తలో ఆయన అన్నట్టే ఉంది. కానీ ఆయన అన్న మాటలన్నీ మీరు వెయ్యరు. నాయకులు ఆవేశంలో అమ్మనీ ఆలినీ తిడితే చుక్కలు పెడతారు. ఇంకో కులం పేరు పెట్టి తిడితే శీర్షికలోకి ఎక్కించరు, ఎక్కించకూడదు కూడా. ఈ మాట దగ్గర మాత్రం మీ డెస్కులో ఎవరి చెయ్యీ ఆగలేదు. ఇది కూడా ఒక కులం పేరని వాళ్లకు తోచలేదు. అందుకే ఈ ఉత్తరం.

నేను భాష చెప్పుకుని బతికినదాన్ని. మాటలను నిషేధించమని అడిగే మనిషిని కాను. అసలు మీ పేపరు నిండా మా ఇంటి మాటలే ఉన్నాయి. వాటిని చూస్తే నాకు సంతోషం. 'చర్చలతోనే పరిష్కారమని మంత్రి ముక్తాయించారు' అని రాస్తారు. ముక్తాయింపు మద్దెలది, గజ్జెది. జతిని, అంటే అడుగుల లెక్కను, మూడుసార్లు తిప్పి సరిగ్గా తాళం మొదట్లో, సమం మీద దించడం. 'రాజకీయ రంగప్రవేశం' అంటారు, 'కొత్త వివాదానికి తెరతీశారు' అంటారు. తెర పట్టుకుని దాని వెనకనుంచి జడ బయటికి వేసి సత్యభామ చేసే ప్రవేశం చూసినవాళ్లకు ఆ తెరతీయడంలో ఎంత ఉందో తెలుసు. 'భరతవాక్యం పలకాలి' అని సంపాదకీయంలో రాస్తారు. భరతుడంటే అక్కడ నటుడు. ఆట అయ్యాక నటుడు లోకం చల్లగా ఉండాలని చెప్పే దీవెన అది. క్రైం వార్తల్లో 'పాత్రధారులు, సూత్రధారులు' లేని రోజుండదు. మా అమ్మమ్మకు తెలిసిన సూత్రధారుడు తాళాలు పట్టి మేళాన్ని నడిపే గురువు. ఆ మాట దొంగనోట్ల ముఠా నాయకుడికి పోయినా నేను బాధపడను. మాటలు అలా తిరుగుతాయి.

'ఆడలేక మద్దెల ఓడు' అన్నదీ అంతే. దాన్ని మా ఇంట్లోనే అందరికంటే ఎక్కువ వాడేవారు. (ఇక్కడ 'ఓడు' అంటే ఓడిపోవడం అనుకుంటారు పిల్లలు. పగిలినది అని అర్థం. ఓటికుండలో ఉన్నది ఆ మాటే. నా పిల్లలందరికీ ఇది చెప్పేదాన్ని.) అడుగు తప్పిన చెల్లెల్ని అమ్మమ్మ ఆ సామెతతోనే దెప్పేది. మద్దెల మామయ్య పక్కనే ఉండి నవ్వేవాడు. శివతాండవం చేశాడు, వీరంగం వేశాడు, తైతక్కలాడించాడు, హనుమంతుడి ముందు కుప్పిగంతులు అన్నవి కూడా నాకు ముల్లులా గుచ్చుకోవు. అవి ఆటను చూసి పుట్టిన మాటలు. ఆటను చూసి పుట్టిన మాట ఎంత కొంటెదైనా ఫరవాలేదు. ఆడిన మనిషిని చూసి, ఆ మనిషి పుట్టుక చూసి పుట్టిన మాట వేరు. నా మనవి ఆ రెండో రకం గురించే.

'సాని' అన్న మాట తీసుకోండి. స్వామిని అన్నదే సాని అయిందని పెద్దలు చెబుతారు. కాకతీయుల చరిత్రలో విరియాల కామసాని ఉంది, గూడూరు శాసనంలో ఆమె పేరు ఉంది. గుడి శాసనాల్లో గుడిసానులు ఉన్నారు. దొరసాని అంటే ఇవాళ్టికీ లేచి నిలబడతాం. మంత్రసాని మనలో ఎంతోమందికి బొడ్డు కోసింది. ముందు దొర ఉంటే గౌరవం, మంత్రం ఉంటే నమ్మకం. ముందు ఏమీ లేకుండా ఒంటరిగా నిలబడితే అదే సాని బూతు. 'సానికొంప' అని ఈమధ్య కూడా ఒక ప్రసంగం వార్తలో చూశాను.

'భోగం' అన్నదీ అంతే. శాసనాల్లో దేవుడికి అంగభోగం, రంగభోగం అని రెండు ఉంటాయి. స్నానం, చందనం, పువ్వులు, నైవేద్యం అంగభోగం. రంగమంటపంలో స్వామి ఎదుట జరిగే ఆటపాటలు రంగభోగం. ఆ రంగభోగం చేసేవాళ్లం కాబట్టి మాకు ఆ పేరు వచ్చిందని అమ్మమ్మ అనేది. నేనూ అలాగే నమ్ముతాను. మీ పేపర్లో ప్రతి ఏడూ 'అంగరంగ వైభవంగా బ్రహ్మోత్సవాలు' అని వస్తుంది. ఆ అంగరంగలు ఆ రెండే. కౌన్సిల్ వార్త వచ్చిన రోజు కూడా అదే పేజీలో కింద ఒక గుడి కల్యాణం 'అంగరంగ వైభవంగా' జరిగిందని వేశారు. కత్తిరించి దాచాను, రెండూ ఒకే ముక్కలో ఉన్నాయి.

ఒక మాట స్పష్టంగా చెప్పాలి. పాత రోజులు మళ్లీ రావాలని నేను కోరడం లేదు. పిల్లను దేవదాసిగా గుడికి ఇవ్వడం అన్నది పోవలసిందే. ముత్తులక్ష్మీ రెడ్డి గారు, మన యామినీ పూర్ణతిలకం గారు దానికోసం పోరాడారు. పూర్ణతిలకం గారు పుట్టింది మాలోనే. 1947లో మద్రాసు చట్టం వచ్చింది. తెలంగాణ, రాయలసీమల్లో జోగినులు, బసివిలు అని అదే చెర ఇంకా నడుస్తుంటే 1988లో మన ఉమ్మడి రాష్ట్రం మళ్లీ చట్టం చెయ్యాల్సొచ్చింది. అమ్మమ్మ చట్టం రాకముందే మా అమ్మకు గజ్జె కట్టనని మొండికేసింది. కుట్టుమిషను కొనిచ్చింది. మా అమ్మ జాకెట్లు కుట్టి నన్ను ట్రైనింగు కాలేజీలో చేర్చింది. కాగితాల్లో కులం సూర్యబలిజ అని రాసుకున్నాం. అయినా నేను కొత్తగా ఉద్యోగంలో చేరినప్పుడు ఒక బడిలో వార్షికోత్సవానికి పిల్లలకు డ్యాన్సు నేర్పితే, స్టాఫ్ రూములో ఒకావిడ "ఆవిడకు నేర్పక్కర్లేదులెండి, రక్తంలోనే ఉంది" అంది. పొగిడినట్టే అంది. నలుగురూ తల దించుకుని నోటుబుక్కులు దిద్దుకున్నారు. ఆ తర్వాత రిటైరయ్యేదాకా నేను ఏ బడిలోనూ పిల్లలకు ఆట నేర్పలేదు. మూడు దశాబ్దాలు! ఎంతమంది పిల్లలకు ఆ 'రా' చూపించి ఉండేదాన్నో.

ఆటకు మాత్రం మంచిరోజులు వచ్చాయి. నటరాజ రామకృష్ణ గారు ముమ్మిడివరంలో, బల్లిపాడులో, పిఠాపురంలో మిగిలిన ముసలమ్మలను వెతుక్కుంటూ వెళ్లి, వాళ్ల దగ్గర ఉన్నది పోగుచేసి, ఆంధ్రనాట్యం అని పేరుపెట్టి వేదిక ఎక్కించారు. స్వప్నసుందరి గారు అలాగే నేర్చుకుని విలాసినీ నాట్యం అన్నారు. ఆయనకు దండం, ఆవిడకు దండం. కొత్త పేరు వచ్చాక ఆట గుళ్లోకీ ఆడిటోరియంలోకీ మళ్లీ వచ్చింది. ఆడినవాళ్ల పాత పేరు మాత్రం వీధిలో తిట్టుగా మిగిలిపోయింది.

ఇక 'రికార్డింగ్ డ్యాన్సులు'. మా గోదావరి జిల్లాల్లో ఈ మాట తెలియనివాళ్లు లేరు. వెనక పాడేవాళ్లు లేకుండా గ్రామఫోను రికార్డు పెట్టి ఆడేవారు కాబట్టి ఆ పేరు. ఇప్పుడు రికార్డూ లేదు, అయినా పేరు నిలిచింది. నాయకులు ఒకరి సభను ఒకరు 'రికార్డింగ్ డ్యాన్స్' అని తిట్టుకుంటే మీరు శీర్షిక కడతారు. పండగ రాగానే 'అశ్లీల నృత్యాలు, యువతులు అదుపులోకి' అని ఫొటో వేస్తారు.

ఒక సంక్రాంతి తర్వాత తెల్లవారుజామున రావులపాలెంలో అమలాపురం బస్సు ఎక్కాను. వెనక సీట్లలో అలాంటి ట్రూపు పిల్లలు నలుగురు నిద్రపోతున్నారు. నా పక్క సీటు పిల్ల మేలుకునే ఉంది. మొహంమీద రంగు సగం తుడిచింది, చెవుల వెనక మెరుపులు అలాగే ఉన్నాయి. మోకాలికి కట్టిన క్రేపు బ్యాండేజీ విప్పి, ఆ బస్సు కుదుపుల్లోనే మెల్లగా చుట్ట చుట్టి, పిన్నుతో గుచ్చి సంచిలో పెట్టుకుంది. మళ్లీ రాత్రికి కావాలి కదా. నేను తెలుగు టీచర్నని తెలిశాక అడిగింది: "మేడం, మమ్మల్ని పట్టుకుంటే పేపర్లో 'యువతులు' అని ఫొటో వేస్తారు. పిలిచినోళ్లు ఊళ్లో పెద్దోళ్లు. స్టేజీ కట్టినోళ్లు ఉన్నారు, చందా వసూలు చేసినోళ్లు ఉన్నారు. డబ్బులు పైకి విసిరి ఇంకా తియ్యమని గోల చేసినోళ్లు ముందు వరసలోనే ఉన్నారు. వాళ్ల ఫొటో ఎప్పుడూ ఎందుకు రాదు?" నా దగ్గర జవాబు లేదు. మీ దగ్గర ఉంటుందని అడుగుతున్నాను.

సినిమా పేజీ సంగతి ఎక్కువ చెప్పను. 'ఐటం భామ' అని రాస్తున్నారు. ఐటం అంటే కిరాణా చీటీలో సరుకు. మగ డ్యాన్సరు ఒక పాటకు వచ్చి ఆడితే 'ప్రత్యేక ఆకర్షణ' అనే అంటున్నారు, అది నేను గమనించాను.

మగపిల్లలకూ ఈ దెబ్బ ఉంది. కూచిపూడిలో ఆడవేషం మగవాళ్లు కట్టిందే కదా. వేదాంతం సత్యనారాయణశర్మ గారి సత్యభామను చూడటానికి జనం రాత్రంతా కూర్చున్నారు. మా మనవరాలు ఆట నేర్చుకునే క్లాసులో ఒక కుర్రాడు ఉండేవాడు. వాడు మోకాళ్లు వంచి అరమండీలో నిలబడితే కళ్లు తిప్పుకోలేం. బడిలో 'ఆడంగి', 'తేడా' అని ఏడిపిస్తే వేసవి సెలవుల తర్వాత రావడం మానేశాడు. వాళ్లమ్మ కనబడి, "క్రికెట్లో చేర్పించామండీ" అంది.

'చిందులు' విషయంలో నేనే తేల్చుకోలేకపోయాను. 'కోపంతో చిందులు తొక్కిన నేత' అని మీరు రాస్తారు. చిందు ఒక కళ, దాన్ని బతికించుకున్న ఒక కులం పేరు. ఆ చిందు యక్షగానం ఆడే గడ్డం సమ్మయ్య గారికి 2024లో పద్మశ్రీ వచ్చింది. మరోపక్క లేగదూడ చిందులేయడం, పసిపిల్ల చిందులేయడం మన భాషలో ఎంతో ఇష్టమైన మాటలు, వాటిని ఎవరూ తీసెయ్యలేరు, తీసెయ్యకూడదు. నా మటుకు నాకు, సంతోషానికి చిందు ఉంచి కోపానికి ఇంకో మాట వెతికితే బాగుంటుందనిపిస్తుంది. కానీ ఈ మాట చెప్పాల్సింది నేను కాదు, చిందు కళాకారులు. వాళ్లను అడిగి ఒక వ్యాసం వేయండి.

నేను అడుగుతున్నవి ఇవి. 'భోగం', 'సాని' అన్నవి తిట్టుగా వచ్చినప్పుడు, ఎవరు అన్నా సరే, శీర్షికలోకి ఎక్కించకండి. లోపల వెయ్యక తప్పకపోతే మిగతా బూతులకు పెట్టే చుక్కలే దీనికీ పెట్టండి. చరిత్ర రాసేటప్పుడు, మా పెద్దవాళ్ల గురించి రాసేటప్పుడు ఆ మాటలు నిండుగా రాయండి, సిగ్గుపడాల్సింది అక్కడ ఏమీ లేదు. జాతర ఆటల వార్తల్లో ఆడిన పిల్లల ఫొటో ఆపి, ఏర్పాటు చేసినవాళ్ల పేర్లు వేయండి. చేతకాని మాట కాదు ఇది. 'గుడ్డి ప్రభుత్వం', 'కుంటి సాకులు' అన్నవి బాధపెడతాయని చెప్పాక మార్చుకున్న విలేకరులు ఉన్నారు. మీ డెస్కులో కొత్తగా చేరిన పిల్లలకు ఇచ్చే పుస్తకంలో ఈ నాలుగు ముక్కలూ చేర్చండి చాలు.

మనవరాలికి ఆ సాయంత్రమే చెప్పాను. పెట్టె తీసి గజ్జెలు చేతిలో పెట్టి, మేళం అంటే ఏమిటో, భోగం అంటే ఏమిటో, అది తిట్టు ఎలా అయిందో, అంతా చెప్పాను. పిల్ల చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత ఒక్కొక్క గజ్జే ఊపి మూగది వెతికింది. వచ్చే నెలలో దానికి గజ్జెపూజ, అంటే మొదటిసారి గజ్జె కట్టడం. కొత్తవి కొన్నాం గానీ, ఆ పాత తాడులోంచి ఒకటి తీసి కొత్తవాటిలో గుచ్చమని అడిగింది. పలికేది గుచ్చనా అంటే, మూగదే కావాలంది.

నా పేరూ చిరునామా మీ ఆఫీసుకోసం వేరే కాగితం మీద రాసి జతచేశాను. దయచేసి అచ్చులో వేయకండి. మనవరాలి స్కూల్లో మీ పేపరే వేయించుకుంటారు, ప్రార్థన అయ్యాక పిల్లల చేత చదివిస్తారు.

- విశ్రాంత తెలుగు ఉపాధ్యాయిని, కోనసీమ